నిట్రాట సైకిల్ స్టాండు

ఆమెకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెగలదు. అలాంటి మనిషికి పోయి పోయి, దారిన పోయేవాళ్లను పిలిచి సైకిలెక్కించే ఉద్యోగం దొరికింది.

ఊళ్లో పొగ ఎక్కువైపోయిందని, వీధి చివర కొట్టుకు వెళ్లాలన్నా జనం బండి తీస్తున్నారని, దగ్గరి పనులకైనా సైకిలు అలవాటు చేద్దామని మున్సిపాలిటీవాళ్లు తలపెట్టారు. బస్టాపు మలుపులో రేకుల నీడ వేసి, దాని కింద నీలం రంగు సైకిళ్లు వరసగా నిలబెట్టారు. ఏదో ఒక గుర్తింపు కార్డు ఇచ్చి సైకిలు తీసుకోవచ్చు. పని చూసుకుని వచ్చి, సైకిలు అప్పజెప్పి కార్డు తీసుకుపోవచ్చు. గంటలోపు తెస్తే పైసా ఇవ్వక్కర్లేదు. ఉచితమంటే జనం ఎగబడతారనుకున్నారు పైవాళ్లు. జనమేమో తల తిప్పి కూడా చూడలేదు.

ఆమె పొడుగు మనిషి. ఇంటి నడుమ కప్పును మోసే గుంజలా ఉందని చిన్నప్పుడే ఎవరో నిట్రాట అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది. బడిలో ఉన్న నాలుగేళ్లూ చివరి బెంచీయే. ఆ తర్వాత వచ్చిన సంబంధాలన్నీ తలెత్తి చూసి, తల దించుకుని వెళ్లిపోయాయి. కొన్నాళ్లకు ఇంట్లో ఆ ఊసు ఎత్తడం కూడా మానేశారు. ఇప్పుడు ఇంట్లో మిగిలింది తల్లి ఒక్కతే.

తల్లికి కుడి పక్క పడిపోయింది. మాట మాత్రం చెక్కు చెదరలేదు. ఒళ్లు కదలకపోయేసరికి ఉన్న చురుకంతా నాలుకకే చేరినట్టుంది. పొద్దున ఎడమ వైపుకు తిప్పి పడుకోబెడితే మధ్యాహ్నం మళ్లీ కుడి వైపుకు తిప్పాలి. నాలుగు ముద్దలు తినిపించాలి, కింద గుడ్డ మార్చాలి. నిట్రాట అంతకుముందు నగరానికి అటు చివర పెద్దాసుపత్రిలో గుడ్డల గదిలో పనిచేసేది. పొద్దున వెళ్తే చీకటి పడే వేళకు గానీ ఇల్లు చేరేది కాదు. మధ్యాహ్నం తిప్పే దిక్కు లేక తల్లి తుంటి మీద చర్మం కమిలి పుండు పడింది. అది మానడానికి వానాకాలమంతా పట్టింది. పుండు కడుగుతున్నప్పుడు తల్లి పళ్లు బిగించి గోడకేసి చూసేది గానీ అబ్బా అనేది కాదు. తిట్టి ఉంటే బాగుండేదని కూతురు ఎన్నోసార్లు అనుకుంది.

అందుకే సైకిల్ స్టాండులో పని ఉందంటే ఎగిరి గంతేసినంత పనిచేసింది. స్టాండు నుంచి ఇల్లు రెండు వీధులవతల. మధ్యాహ్నం గొలుసు వేసి, ఓ సైకిలెక్కి ఇంటికి వెళ్లి, తల్లిని చూసుకుని మళ్లీ వచ్చేది. అడిగే నాథుడు లేడు. అడగడానికి స్టాండుకి మనిషే రాడు కదా.

పొద్దున్నే వచ్చి సైకిళ్లన్నీ తుడుస్తుంది. టైర్లు నొక్కి చూసి గాలి కొడుతుంది. ఆ తర్వాత బస్టాపులో నిలబడ్డవాళ్ల దగ్గరికి వెళ్లి, నేర్పించిన నాలుగు మాటలూ చెప్పాలి. దగ్గరి పనికి సైకిలు మేలండీ, ఒంటికి మంచిదండీ, డబ్బులక్కర్లేదండీ. ఆ నాలుగు మాటలకే ఆమెకు చెమట పట్టేది. వాళ్లు చెప్పే సాకులు మాత్రం తడుముకోకుండా వచ్చేవి. ఒకరికి ఎండ, ఒకరికి మబ్బు. ఒకరికి బట్టలు నలుగుతాయి, ఇంకొకరికి మోకాళ్లు. ఒకాయన చుట్టూ చూసి గొంతు తగ్గించి, నన్ను సైకిలు మీద చూస్తే బండి అమ్ముకున్నాననుకుంటారమ్మా అన్నాడు. ఆమె దేనికీ ఎదురు చెప్పేది కాదు. తలూపి, వెనక్కి వచ్చి, తుడిచిన సైకిలునే మళ్లీ తుడిచేది. సరదాకి ఎవరో కాలేజీ కుర్రాళ్లు అప్పుడప్పుడూ తీసుకునేవాళ్లు. మొదట్లో కొందరు ఆడవాళ్లు వచ్చి, హ్యాండిల్ పట్టుకుని, కాసేపు నిలబడి, మళ్లీ వస్తామని వెళ్లారు. మళ్లీ రాలేదు. ఈ కాలం వాళ్లకు ఒళ్లు వంగదని ఆమె మనసులోనే తేల్చేసుకుంది.

ఎదురుగా టీకొట్టు. కొట్టతన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయనకు ఊసుపోనప్పుడల్లా స్టాండుకేసి చూసి ఏదో ఒకటి విసిరేవాడు.

"నిట్రాటమ్మా, నీ సైకిళ్లకి పొద్దున్నే స్నానం, సాయంత్రం తుడుపు. ఇంత సుఖం మా ఇంట్లో నాకు లేదు."

ఆమె నవ్వి ఊరుకునేది.

ఓ రోజు సూపర్‌వైజరు వచ్చాడు. నగరంలో ఇలాంటి స్టాండ్లన్నీ చూసుకునేది అతనే. వయసు చిన్నదే గానీ తిరిగి తిరిగి కళ్ల కింద నల్లగా దిగిపోయింది. మోటార్ సైకిలు ఆపి, హెల్మెట్ తీసి, ఓ సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాడు. టైరు మీద బొటనవేలు రాశాడు. కొత్త టైరు మీద సన్నగా, ముళ్లలా రబ్బరు వెంట్రుకలుంటాయి. నాలుగు రోజులు రోడ్డెక్కితే రాలిపోతాయి.

"వెంట్రుకలు కూడా రాలలేదమ్మా. పుట్టు వెంట్రుకలు," అన్నాడు.

తన మాటకు తనకే నవ్వు రాబోయింది గానీ, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. సంగతేమిటో నిలబడే చెప్పాడు. వాడకం లేని స్టాండ్లను ఈ నెలాఖరుకు ఎత్తేసి స్టేడియం దగ్గరికి మారుస్తారట. అక్కడ పొద్దున నడకకు వచ్చేవాళ్లు చాలామంది. స్టాండుతో పాటు మనిషినీ అక్కడికే పంపమన్నారు కాబట్టి ఉద్యోగానికేం ఢోకా లేదు. స్టేడియం ఆసుపత్రి కంటే దూరం.

ఆమె చేతిలోని తుడుపు గుడ్డను మడతపెట్టింది. "ఇక్కడే ఉంచడానికి కుదరదా సార్? ఇంటి దగ్గర మా అమ్మ..."

"సైకిళ్లు తిరగాలమ్మా. తిరిగితే నేనూ ఏదో చెప్పగలను. ఉత్తి చేతులతో వెళ్లి ఏం చెప్పను?"

అతను వెళ్లిపోయాక ఆమె చాలాసేపు ఆ టైరుకేసే చూస్తూ నిలబడింది. మధ్యాహ్నం తల్లికి తినిపిస్తూ ఈ సంగతి చెప్పలేదు. తల్లి తుంటి మీద పాత పుండు మచ్చ నున్నగా మెరుస్తోంది. పౌడరు రాస్తుంటే చెయ్యి కాస్త ఎక్కువసేపే అక్కడ ఆగింది. "నన్ను తోముతున్నావా ఏమే, సైకిలనుకుని?" అంది తల్లి.

ఆ సాయంత్రం నుంచి నిట్రాట ఓ పని మొదలుపెట్టింది. స్టాండు మూసే వేళకు ఒక్కో సైకిలూ తీసి తనే తొక్కేది. బస్టాపు మలుపు నుంచి బడి మీదుగా, కుట్టుమిషన్ల షెడ్డు వెనక సందులోంచి ఓ చుట్టు చుట్టి, సైకిలు పెట్టేసి, ఇంకోటి తీసేది. అది మోసమని ఆమెకు తెలుసు. ఎవరూ తినని కూర తనే తిని గిన్నె ఖాళీ చేసినట్టు. అయినా టైర్ల వెంట్రుకలు రాలుతున్నాయి, మడ్‌గార్డుల మీద నిజమైన బురద పడుతోంది. పగలంతా నిలబడ్డ కాళ్లు, ఆపైన ఈ తొక్కుడు. ఇంటికెళ్లి తల్లిని తిప్పే సరికి తన నడుమే తిరగనని మొరాయించేది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఊరంతటికీ సైకిలు అలవాటు చేయమంటే ఊరి బదులు తనే తొక్కుతున్నానని, గిన్నెలు తోముకుంటూ ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వులో కూడా ఓపిక లేదు.

వీధి కళ్లు మూసుకుని కూర్చోదు కదా. బాబాయ్ ఒకటి రెండు రోజులు ఊరుకుని, మూడో నాడు టీ తాగేవాళ్లందరికీ వినబడేలా, గుర్రాలకి నడక నేర్పిస్తోంది మన నిట్రాటమ్మ అన్నాడు. బడి గేటు దగ్గర ఆయా కూర్చునేది. పిల్లలందరూ వెళ్లాక గేటుకు తాళం వేసి వెళ్లడం ఆవిడ పని. గుండ్రంగా, పొట్టిగా, నిట్రాట మోచేతి దాకా వస్తుంది. నిట్రాట తన ముందు నుంచి సైకిలు మార్చి సైకిలు మీద పోవడం చూసి చూసి, ఓ సాయంత్రం చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఏమ్మా, ఏం కొంప మునిగిందని ఇలా గానుగెద్దులా తిరుగుతున్నావు?"

నిట్రాటకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది. కాలు నేల మీద ఆన్చి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. స్టాండు ఎత్తేస్తారని, తల్లి సంగతి, టైర్ల వెంట్రుకలు. చెబుతూ, ఆడవాళ్లు ఒక్కరైనా వస్తే ఇంత పాటు ఉండేది కాదు పిన్నీ, ఇంతమందిలో ఒక్కరికీ తొక్కాలని లేదు, అని నిష్ఠూరంగా అంది.

ఆయా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవరన్నారు లేదని? నేను రాలేదా మొదటి వారంలో? చిన్నప్పుడు మా అన్న సైకిలు దొంగతనంగా తొక్కినదాన్ని నేను. వచ్చి నీ సైకిలు పక్కన నిలబడితే సీటు నా రొమ్ముల దాకా వచ్చింది. నిచ్చెన వేసుకుని ఎక్కమంటావా?"

నిట్రాట సీటుకేసి చూసుకుంది. తన తొడ కింద అది సరిగ్గా ఉంది. ఎప్పుడూ సరిగ్గానే ఉంది.

"అది దించొచ్చు పిన్నీ. కింద పిడి ఉంటుంది."

"నాకేం తెలుసు పిడి ఉందని? అన్నీ బారుగా, ఒక్క ఎత్తున ఉన్నాయి. ఇవి ఇంత ఎత్తువే కాబోలు, మనలాంటి వాళ్లకి కాదు కాబోలు అనుకున్నాను. ఎక్కి పడితే ఆ టీకొట్టాయన ఏడాది పాటు చెప్పుకుని నవ్వడూ? కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేసే ఆడపిల్లలూ అదే అన్నారు. నీకేమ్మా, నిట్రాటవి. నిలబడ్డా కూర్చున్నా ఒకటే."

సీట్లను అలా పెట్టింది ఎవరో కాదు. గుడ్డల గదిలో ఏళ్ల తరబడి చేసిన పని ఆమె చేతుల్లో ఉండిపోయింది. అక్కడ దుప్పటి అంచు దుప్పటి అంచుకు కలవాలి. బీరువా తెరిస్తే గోడ కట్టినట్టుండాలి. ఒక్క మడత బయటకి వచ్చినా పెద్ద నర్సు మొత్తం కింద పడేయించి మళ్లీ మడతపెట్టించేది. ఆ చేతులతోనే స్టాండులో మొదటి రోజు సీట్లన్నీ తన నడుము ఎత్తుకు సరిచేసింది. కుర్రాళ్లెవరైనా దించుకుని తొక్కితే, వాళ్లు వెళ్లీ వెళ్లకముందే మళ్లీ పైకి లాగి వరసలో కలిపేసేది. రేకుల కింద ఆ నల్ల సీట్లు గీత గీసినట్టు ఉండటం చూస్తే ఆమెకు ఒక్కటే తృప్తి. తన పొడుగు వల్ల ఇన్నేళ్లూ తను మాటలు పడింది గానీ, అది ఇంకొకరికి అడ్డం పడుతుందని ఎన్నడూ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి సీట్లు దించింది. కొన్ని బాగా కిందికి, కొన్ని మధ్యకు, ఒకటో రెండో పైనే. ఆ ఎగుడుదిగుడు వరస చూస్తే ఆమెకు కంట్లో నలుసు పడ్డట్టుండేది. చెయ్యి తనంతట తనే పిడి మీదికి పోయేది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడటం నేర్చుకుంది.

ఆయా బడి వదిలాక వచ్చింది. పాత విద్య మరిచిపోనన్నది గానీ మొదటి రోజు హ్యాండిల్ ఒక దారి, ఆవిడ ఒక దారి. నిట్రాట వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది. వదలొద్దే వదలొద్దే అంటూనే ఆవిడ సందు చివరిదాకా పోయింది. వెనక్కి తిరిగి చూస్తే నిట్రాట ఎక్కడో రొప్పుతూ కూర్చుని ఉంది. ఆ మర్నాడు కూరగాయలకు వెళ్లింది. ఆ తర్వాత మనవరాలిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బస్సుకు నిలబడే సేపట్లో వెళ్లి వచ్చేశానని గేటు దగ్గర పిల్లల తల్లులందరికీ చెప్పింది. నిట్రాట నాలుగు నెలలు చెప్పినా పెగలని మాట ఆవిడ నోట ఇట్టే పాకింది. కుట్టుమిషన్ల పిల్లలు వచ్చారు. క్లినిక్కులో నేల తుడిచే ఆమె వచ్చింది. ఒకామె కొడుకు టిఫిను డబ్బా మరిచిపోయాడని పరుగున వచ్చి, సైకిలు మీద పోయింది. ఎవరి సీటు వాళ్లకు దించడం, ఎక్కించడం, కార్డులు తీసుకోవడం, ఇవ్వడం. నేర్పించిన నాలుగు మాటలు చెప్పే తీరిక కూడా ఆమెకు లేకుండా పోయింది.

నెలాఖరుకు సూపర్‌వైజరు వచ్చేసరికి రేకుల కింద ఒక్క సైకిలు మిగిలి ఉంది, అదీ పంక్చరై. అతను ఖాళీ స్టాండుకేసీ, ఆమెకేసీ మార్చి మార్చి చూశాడు. ఇప్పుడు మారిస్తే నన్ను ఆడవాళ్లు కొడతారని నవ్వాడు. స్టాండు ఇక్కడే ఉంటుందన్నాడు. ఆమె గుండె మీంచి బండ దిగినట్టయింది. కళ్లు తుడుచుకునేలోపే అతను రెండో మాట అన్నాడు.

"మధ్యాహ్నం గొలుసు వేసేస్తున్నావట కదమ్మా. ఇక అలా కుదరదు. ఇక్కడ రద్దీ అంతా ఆ వేళే."

నిజమే. చిన్న తరగతులు వదిలేది మధ్యాహ్నం. షెడ్డులో మొదటి షిఫ్టు దిగేదీ, రెండో షిఫ్టు ఎక్కేదీ మధ్యాహ్నం. క్లినిక్కు ఆమె ఇంటికి పోయేదీ అప్పుడే. ఏ మధ్యాహ్నం కోసం ఈ స్టాండును నిలబెట్టుకుందో, ఆ మధ్యాహ్నాన్నే స్టాండు మింగేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ రోజు ఇప్పుడు వెళ్దాం, ఇంకాసేపట్లో వెళ్దాం అనుకుంటూనే సాయంత్రమైపోయింది. ఇంటికి వెళ్లేసరికి తల్లి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కింద గుడ్డ తడిసి చల్లబడిపోయింది. తుంటి మీద పాత మచ్చ చుట్టూ ఎర్రగా కందింది. నిట్రాట తుడిచి, పౌడరు రాసి, అన్నం కలుపుతూ, జరిగింది చెప్పింది. ఈ ఉద్యోగం మానేస్తానంది.

"మాని? ఇద్దరం కలిసి గోడలు నాకుదామా?" అంది తల్లి. మళ్లీ వేరే గొంతుతో అంది. "నాకేం కాలేదులేవే. మధ్యాహ్నం నిద్ర పోయాను." ఎండిన పెదవుల అబద్ధం.

మర్నాడు పొద్దున సైకిలు కోసం వచ్చిన ఆయాకు నిట్రాట మొహం చూడగానే తెలిసిపోయింది. సంగతంతా విని, కార్డు చేతిలో తిప్పుతూ కాసేపు ఆలోచించింది. చిన్నపిల్లల్ని పంపేశాక పెద్దపిల్లల్ని వదిలేదాకా తనకు ఖాళీయేనంది. తమ ఇల్లూ అటేనంది. అన్నం పెట్టడం, తిప్పడం తనకు కొత్తేం కాదు, అత్తగారికి చేసిందట.

"కానీ నాకు సైకిలు కావాలి. గంటకే తెచ్చి ఇవ్వమంటే నా వల్ల కాదు. ఆ పొట్టి సీటుది నాకు పొద్దుగూకేదాకా వదిలెయ్. ఎవరైనా అడిగితే రిపేరులో ఉందని చెప్పుకో."

అబద్ధాలు తొక్కి తొక్కి ఉన్న నిట్రాటకు ఇంకో అబద్ధం పెద్ద బరువనిపించలేదు. సరేనంది. తల్లికి ఏమని చెప్పాలో తెలియక ఇంటి తాళం చెవి ఆయా చేతిలో పెట్టి, మా అమ్మ నోరు కొంచెం... అని ఆగిపోయింది. నా నోరు చూళ్లేదు ఇంకా అంది ఆయా.

మొదటి రోజు తల్లి నోరు తెరవలేదట, పరాయి చేతి ముద్ద తిననని. రెండో రోజు తిట్టిందట. ఆయా కూడా తిట్టిందట. ఆ తర్వాత ఏమైందో నిట్రాటకు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం ఆమె రేకుల కింద, వచ్చేవాళ్లకు కార్డులు ఇస్తూ, మధ్యమధ్య డబ్బాలోంచి చల్లారిన అన్నం తినేది. బుట్టలో గిన్నె పెట్టుకుని ఆయా మలుపు తిరగడం అక్కడి నుంచి కనబడేది. మునుపైతే ఆ వేళకు తను తల్లి మంచం పక్కన కూర్చుని ఉండేది. ముద్దకూ ముద్దకూ మధ్య తల్లి విసిరే మాటలకు విసుక్కునేది. ఇప్పుడు ఆ వేళకు ఆమె చెవులు ఊరికే ఉండేవి. చుట్టూ బెల్లులు మోగుతున్నా ఊరికే ఉండేవి.

ఓ సాయంత్రం ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచం పక్కన కూలబడింది. తల్లి తల దువ్వి ఉంది. గోళ్లు కత్తిరించి ఉన్నాయి. తుంటి మీద ఎరుపు పోయింది. నిట్రాట చెయ్యి వేసి చూసింది, వేడి లేదు. ఆమెకు హాయిగా అనిపించింది. ఎక్కడో నొప్పిగా కూడా అనిపించింది గానీ, అది నడుమేనేమో అనుకుంది.

"అది చిన్న చిన్న ముద్దలు పెడుతుందే," అంది తల్లి. "నీలా గబగబా కుక్కదు. నీకెప్పుడూ తొందరే."

"తిరిగి వెళ్లాలి కదమ్మా."

"తెలుసులే." తల్లి ఎడమ చేత్తో ఆమె మోకాలు తడిమింది. "ఆదివారం నువ్వే పెట్టు. మెల్లగా పెట్టు."

నిట్రాట సరేనని తలూపింది. లేచి తల్లి నడుము కింద చెయ్యి పోనిచ్చి, అటు వైపుకు తిప్పింది. వీపుకు దిండు ఆన్చి, ఇక లేవలేక ఆ మంచం పట్టె మీదే తల వాల్చేసింది.